పొట్టి మగాడు: బయోడేటాలో చుక్క, గ్రౌండ్‌లో సెంటీమీటరు

【కొలబద్ద】
మగవాళ్ల ఎత్తు గురించి వేదికలో అక్కడో ముక్క ఇక్కడో ముక్క పడుతున్నాయి. అన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని ఈ చర్చ పెడుతున్నా. "ఎత్తుదేముందండీ, గుణం ముఖ్యం" లాంటి ఓదార్పులు దయచేసి వద్దు. ఆ మాట అన్నవాళ్లే తమ పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఉద్యోగం తర్వాత అడిగేది ఎత్తే. ఎత్తు ఎక్కడ నిజంగా అడ్డొస్తుంది, ఎక్కడ ఉత్త చిన్నచూపు, కొలత ఎలా తీయాలి, పెంచుతామనే మందుల్లో, ఆపరేషన్లలో పస ఎంత... ఇవి కావాలి. సొంత గోడు పక్కన పెట్టి, తెలిసిన పని గురించి రాయండి.

ముందు నా వంతు. 2020లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త లెక్క ప్రకారం మన దేశంలో 19 ఏళ్ల కుర్రాడి సగటు ఎత్తు సుమారు 166.5 సెంటీమీటర్లు. అంటే ఐదడుగుల ఐదున్నర. కానీ ఐదడుగుల ఆరు ఉన్నవాణ్ని కూడా మనవాళ్లు "కాస్త పొట్టే" అంటారు. సగటు కన్నా పైన ఉన్నవాడు పొట్టి ఎలా అయ్యాడో ఎవరూ అడగరు.

అదే ఏడాది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార అవసరాల నివేదికలో మగవాడి ప్రామాణిక ఎత్తు 177 సెంటీమీటర్లుగా తీసుకున్నారు. పత్రికల్లో "5.8 అడుగులు" అని వచ్చింది. జనం ఐదడుగుల ఎనిమిది అంగుళాలు అని చదువుకున్నారు. 177 సెంటీమీటర్లంటే ఐదడుగుల తొమ్మిది ముప్పావు! పైగా అది సగటు కాదు. 95వ పర్సంటైల్ దగ్గర తీసుకున్న అంకె, అంటే ఆ లెక్కలో నూటికి 95 మంది దానికి కిందే ఉంటారు. దాన్ని "భారతీయుడి ఆదర్శ ఎత్తు" అని వాట్సాప్‌లో తిప్పారు.

【లగ్నపత్రిక】
చుక్క సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. సంబంధాల పనిలో సగం తగాదాలు ఆ చుక్కతోనే. మనవాళ్లు ఐదడుగుల ఆరంగుళాలని 5.6 అని రాస్తారు. లెక్కప్రకారం 5.6 అడుగులంటే ఐదడుగుల ఏడు దాటుతుంది. ఇంకా పెద్ద గొడవ ఎక్సెల్‌తో. ఐదడుగుల పది ఉన్న అబ్బాయికి 5.10 అని కొట్టగానే ఎక్సెల్ ఆ సున్నా మింగేసి 5.1 చేస్తుంది. ఆ షీటు నాలుగు గ్రూపులు తిరిగేసరికి ఐదడుగుల పది వాడు కాస్తా ఐదడుగుల ఒక అంగుళం అయిపోతాడు. ఎత్తు ప్రకారం వరుస పెడితే ఐదడుగుల పదకొండు వాడు ఐదడుగుల రెండు వాడి కింద కూర్చుంటాడు.

ఇక జోడీ లెక్క. ఆడపిల్లవాళ్లు మామూలుగా అడిగేది అమ్మాయి కన్నా నాలుగైదు అంగుళాలు ఎక్కువ. అమ్మాయి ఐదడుగుల రెండైతే సైట్లో ఫిల్టరు "ఐదడుగుల ఆరు నుంచి" అని పెడతారు. అరంగుళం తక్కువున్నవాడు వాళ్లకి నచ్చకపోవడం కాదు, అసలు వాళ్ల కంటికే కనబడడు. పాతరోజుల్లో పెళ్లిళ్ల పేరయ్య "అబ్బాయి కాస్త పొట్టి గానీ రెండెకరాల మాగాణి, ఒక్కడే కొడుకు, తల్లి నోట్లో నాలుక లేని మనిషి" అని ఒకే ఊపిరిలో చెప్పేవాడు. తూకంలో అన్నీ ఒకేసారి పడేవి. ఫిల్టరు ముందు ఎత్తు చూసి తలుపేస్తుంది.

అందుకని అబ్బాయి ఎత్తు ఐదడుగుల ఆరుకి తక్కువైతే సైటు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్తాం. చుట్టాల ద్వారా, కులసంఘం పరిచయ వేదికల ద్వారా, మధ్యవర్తి నోటిమాట ద్వారా వెళ్తే ఎత్తు మూడోనాలుగో ప్రశ్న అవుతుంది. బయోడేటాలో సెంటీమీటర్లు ముందు, అడుగులు తర్వాత రాయండి. నిలువెత్తు ఫోటో ఒకటి తప్పనిసరిగా పెట్టండి. నడుం పైనుంచి తీసినవి నాలుగు పెట్టి నిలువెత్తుది పెట్టకపోతే అవతలివాళ్లకి అక్కడే అనుమానం.

【సూటిగా_చెప్తా】
లగ్నపత్రిక గారూ, బయోడేటాలో అందరూ రెండంగుళాలు కలుపుతారు. చదివేవాళ్లకీ అది తెలుసు, రెండు తీసేసి చదువుతారు. నిజం రాసినవాడికి కూడా రెండు తీసేస్తారు. అంటే నిజం రాస్తే నష్టం. కలపకపోవడం అమాయకత్వం.

【లగ్నపత్రిక】
మీరు చెప్పిన లెక్క పెళ్లిచూపుల దాకా పనిచేస్తుంది సార్, అక్కడ ఆగిపోతుంది. షూలో మడమ కింద పెట్టే ప్యాడ్లు, ఎత్తు మడమల బూట్లు మనకి అమెరికా వాడికి పనికొచ్చినట్టు పనికిరావు. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయట విప్పాలి. వాటితోపాటు ఆ రెండంగుళాలూ గుమ్మం దగ్గరే వదిలి లోపలికి రావాలి. పెళ్లిపీటల మీద కూడా ఒట్టికాళ్లే. అమ్మాయి మేనమామ ఒకడు తప్పకుండా అబ్బాయి పక్కన నిలబడి భుజాలు చూస్తాడు. అప్పుడు పోయేది అంగుళం కాదు. "ఎత్తే అబద్ధమైతే జీతం మాటేమిటి" అంటారు, జీతం స్లిప్పులు అడుగుతారు. ఎత్తు తక్కువని వెనక్కిపోయిన సంబంధాల కన్నా ఎత్తు తప్పు చెప్పారని వెనక్కిపోయినవి మాకు ఎక్కువ తలనొప్పి.

అరంగుళం పైకి సర్దడం వేరు. 164 సెంటీమీటర్లని ఐదడుగుల ఐదు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. 164ని ఐదడుగుల ఏడు అంటే దొరుకుతారు.

【గ్రౌండ్‌మాస్టర్】
బయోడేటాలో సర్దుబాటు ఉంది, రిక్రూట్‌మెంట్‌లో లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసు నోటిఫికేషన్లలో కానిస్టేబుల్, ఎస్సై పోస్టులకు మగవాళ్లకు అడుగుతూ వచ్చిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఈ పాయింట్ ఆరు ఎక్కడిదంటే, పాత ఐదడుగుల ఆరు నిబంధనని సెంటీమీటర్లలోకి మార్చినది. ఏజెన్సీ ప్రాంత గిరిజన అభ్యర్థులకు 160. ఆర్మీలో జనరల్ డ్యూటీకి మన దక్షిణాది రాష్ట్రాలకు 166. కేంద్ర బలగాల్లో జీడీ కానిస్టేబుల్‌కి 170, ఎస్టీలకు 162.5. ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్‌కి 152 చాలు. ఐపీఎస్‌కి మగవాళ్లకి 165.

మళ్లీ చదవండి. మన దగ్గర జిల్లా ఎస్పీగా వచ్చే ఐపీఎస్ అధికారి 165 ఉంటే చాలు. ఆయనకి సెల్యూట్ కొట్టే కానిస్టేబుల్ మాత్రం 167.6 ఉండాలి. జనం పోలీసు అంటే "ఎత్తుగా, ఛాతీ విరుచుకుని" అని ఊహించుకునేది కానిస్టేబుల్ని చూసి, ఆఫీసర్ని చూసి కాదు. నిబంధనలు కూడా ఆ ఊహనే పట్టుకుని కూర్చున్నాయని నా అభిప్రాయం. దరఖాస్తు చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ మాత్రం తప్పక చూసుకోండి.

【హన్మకొండ_బిడ్డ】
అన్నా, 167 మీద ఉన్నోళ్లు శానా మంది ఉంటరు. పొద్దుగాల కొలిస్తే 168 అస్తది, పొద్దుమీకి కొలిస్తే 167 అస్తది. గ్రౌండ్ల పాయింట్‌తోని పోతరు. గసొంటోళ్లు ఏం జెయ్యాలె?

【గ్రౌండ్‌మాస్టర్】
తమ్ముడూ, తేడా నిజమే. వెన్నుపూసల మధ్య డిస్కులు పగలంతా బరువుకి నీరు కోల్పోయి అణుగుతాయి, రాత్రి పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. పొద్దుటికీ సాయంత్రానికీ సెంటీమీటరు దాకా, కొందరిలో అంతకన్నా కాస్త ఎక్కువే తేడా వస్తుంది. ఎక్కువ భాగం లేచిన మొదటి రెండు మూడు గంటల్లోనే తగ్గిపోతుంది. కొలత రోజు రాత్రి బస్సులో కూర్చుని ప్రయాణం చేసి పొద్దున్నే నేరుగా గ్రౌండ్‌కి వెళ్లేవాళ్లు చేజేతులా ఆ సెంటీమీటరు పోగొట్టుకుంటారు. ముందురోజే ఆ ఊరు చేరి, వెల్లకిలా పడుకుని నిద్రపోవాలి. లైన్లో గంటలు నిలబడాల్సి వస్తే ఎక్కడైనా చోటు దొరికితే నడుం వాల్చాలి. బరువు బ్యాగు భుజాన మోయొద్దు.

మీటరు కింద జరిగే తప్పులు ఇవి. ఒకటి, గడ్డం పైకెత్తడం. ఎత్తుగా కనబడతామని పైకెత్తుతారు, నడినెత్తి వెనక్కి వాలి కొలత తగ్గుతుంది. కంటిగుంట కింది అంచూ చెవిరంధ్రం పై అంచూ ఒకే అడ్డగీత మీద ఉండాలి. రెండు, పాదాలు ఎడంగా పెట్టడం. మడమలు దగ్గరగా, గోడకి తగిలి ఉండాలి. మూడు, భుజాలు చెవుల దాకా లేపడం. మెడ కుంచించుకుపోతుంది. ఊపిరి నిండా తీసుకుని వెన్ను నిలువుగా సాగదీసి ఆపాలి. మడమ లేపితే పక్కనున్నవాళ్లు చూస్తారు. జుట్టు ఒత్తుగా పెంచుకున్నా లాభం లేదు, పలక నెత్తికి తగిలేదాకా నొక్కుతారు.

ఇంట్లో కొలిచేటప్పుడు అసలు మోసం గోడది. కింద టైల్ స్కర్టింగ్ గోడ కన్నా కాస్త ముందుకి ఉంటుంది. మడమ దానికి తగిలి, వీపు గోడకి ఆనితే మనిషి వాలతాడు, కొలత తప్పుతుంది. స్కర్టింగ్ లేని గోడో తలుపు చట్రమో చూసుకోండి. నెత్తిమీద పుస్తకం పెడితే అది ఒకవైపు వంగుతుంది. తాపీమేస్త్రీ దగ్గర మూలమట్టం దొరికితే దాన్ని గోడకి ఆనించి కిందికి దించండి, అది వంగదు. గుర్తు పెట్టి స్టీలు టేపుతో కొలవండి. దర్జీ టేపు వాడితే సాగి ఉంటుంది. మూడుసార్లు తీయండి. 166 దగ్గర ఆగితే ఏ చిట్కా వాడినా 167.6 రాదు. ఆ ఏడాది వేస్టు చేసుకోకుండా ఎత్తు నిబంధన లేని పోస్టులకి మళ్లండి.

【హన్మకొండ_బిడ్డ】
మూలమట్టం ముచ్చట ఎవ్వలు చెప్పలె అన్నా. మస్తు.

【పిల్లల_డాక్టరు】
పెద్దయ్యాక సెంటీమీటరు కోసం పడే పాట్లలో కొన్ని చిన్నప్పుడు చూసుకుంటే తప్పేవి. కొడుకు ఎత్తు అంచనాకి తేలికపాటి లెక్క ఒకటుంది: తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు కలిపి, దానికి 13 కలిపి, సగం చేయండి. తండ్రి 165, తల్లి 152 అనుకోండి. మొత్తం 330, సగం 165. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్ల దాకా తేడా ఉండొచ్చు. ఆ ఇంట్లో పిల్లాడు 163 దగ్గర ఆగితే అది జబ్బు కాదు, ఇంటి తీరు. అలాంటి పిల్లాడికి మందులు రాయమని ఒత్తిడి చేయకండి.

చూపించాల్సింది ఎప్పుడంటే, ఐదేళ్ల నుంచి యుక్తవయసు మొదలయ్యే దాకా ఏడాదికి ఐదు సెంటీమీటర్ల కన్నా తక్కువ పెరుగుతుంటే. తలుపు మీద పెన్సిల్ గీతలు గీసి తేదీ రాసుకునే పాత అలవాటు ఇందుకే మంచిది, ఆరునెలలకోసారి గీస్తే చాలు. థైరాయిడ్, రక్తహీనత, పేగుల్లో గోధుమ పడకపోవడం, మూత్రపిండాల జబ్బు, గ్రోత్ హార్మోన్ లోపం ఇలా కారణాలు చాలా. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తాం. పద్నాలుగేళ్ల వాడి ఎముక పన్నెండేళ్ల దానిలా ఉండి, పైన చెప్పిన జబ్బులేవీ లేకపోతే వాడు ఆలస్యంగా పెరిగే రకం, డిగ్రీకొచ్చేసరికి అందుకుంటాడు. ఎముక చివర్ల పెరుగుదల పలకలు మూసుకుపోయాక మాత్రం ఏ ఇంజెక్షనూ ఎత్తు పెంచదు. మగపిల్లల్లో అది ఎక్కువమందికి 16, 18 ఏళ్ల మధ్య జరిగిపోతుంది. పదో తరగతి దాకా ఆగి "ఇంటర్‌లో పెరుగుతాడులే" అనుకుని, ఇంటర్ అయ్యాక తీసుకొస్తారు. అప్పటికి మా చేతుల్లో ఏమీ ఉండదు.

【గోదారిగట్టు】
డాక్టరుగారూ, మరి 25 ఏళ్లవాళ్లకి కూడా మూడు నెలల్లో మూడంగుళాలు అని పౌడర్లు అమ్ముతున్నారు కదండీ? ఆయుర్వేదం కాబట్టి వేరంటారా?

【పిల్లల_డాక్టరు】
పలక మూసుకుంది మూసుకున్నట్టే, పౌడరు ఏ పద్ధతిదైనా. అలా ప్రకటించడమే నేరం. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం షెడ్యూల్లో మనుషుల ఎత్తు కూడా ఉంది. మొదటిసారి రుజువైతే ఆరునెలల దాకా జైలు లేదా జరిమానా, మళ్లీ చేస్తే ఏడాది దాకా. ఔషధ నిబంధనల షెడ్యూల్ జె కూడా పిల్లల, పెద్దల ఎత్తు పెంచుతామని చెప్పకూడదనే అంటుంది. ప్రకటన స్క్రీన్‌షాట్, ప్యాకెట్ ఫోటో, బ్యాచ్ నంబరు కనబడేలా, బిల్లుతో కలిపి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు ఇవ్వండి. బిల్లు లేకుండా ఇస్తే ముందుకి కదలడం కష్టం. ఆ పౌడర్లు తాగాక మొదటివారం కనబడే "పెరుగుదల" ఏమిటంటే, ముందు సాయంత్రం కొలిచి తర్వాత పొద్దున కొలవడం. గ్రౌండ్‌మాస్టర్ గారు చెప్పిన సెంటీమీటరే అది.

【ఎముకల_కబుర్లు】
ఆపరేషన్ గురించి ఎవరూ అడగలేదు కానీ అడుగుతారు, ముందే రాస్తున్నా. కాలి ఎముకని కోసి, రెండు ముక్కలని మెల్లగా ఎడం చేస్తూ పోతే మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. 1950లలో సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే డాక్టరు విరిగిన, అతకని కాళ్ల కోసం దీన్ని అభివృద్ధి చేశాడు. ఎత్తు కోసం చేయించుకోవడం తర్వాత వచ్చిన వాడకం.

రోజుకి ఒక మిల్లీమీటరు, అదీ నాలుగు విడతల్లో పావు మిల్లీమీటరు చొప్పున తిప్పుతారు. ఐదు సెంటీమీటర్లంటే కోసిన తర్వాత వారం విరామం, యాభై రోజులు సాగదీత, ఆ తర్వాత కొత్త ఎముక గట్టిపడటానికి నెలలు. తొందరపడి ఎక్కువ తిప్పితే ఎముక పుట్టదు, మరీ నెమ్మదిస్తే ముందే అతుక్కుపోతుంది. ఎముక సాగినంత సులువుగా కండరం సాగదు. మోకాలి కింద సాగదీస్తే పిక్కని మడమకి కలిపే స్నాయువు బిగిసి మడమ నేలకి ఆనదు, మునివేళ్ల మీద నడుస్తారు. పిన్నుల చుట్టూ చీము పట్టడం మామూలే. పాదం లేపే నరం దెబ్బతినొచ్చు. కొవ్వు రక్తంలోకి వెళ్లి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. ఏడాది దాకా పరుగు మాట మర్చిపోవాలి. చేతులు మాత్రం అంతే ఉంటాయి. నలుగురిలో రెండంగుళాలు ఎక్కువ కనబడటానికి ఇంత చేయాలా అనేది ఎవరి లెక్క వాళ్లది. నా లెక్కలో అయితే వద్దు.

【కత్తెర_మేస్త్రీ】
రెండంగుళాలు కనబడాలంటే కాళ్లు కోయక్కర్లేదు, చొక్కా కోస్తే చాలు 😀

సరదా పక్కన పెడితే, పొట్టిగా ఉన్నవాళ్లని ఇంకా పొట్టి చేసేది రెడీమేడ్. ఛాతీ 38 అంటే 38కే కుడతారు, పొడవు మాత్రం ఐదడుగుల తొమ్మిది వాడికి సరిపడా ఉంచుతారు. ఇన్‌షర్ట్ చేయని చొక్కా జిప్పు మధ్యకి వచ్చి ఆగాలి. తొడల దాకా వస్తే కాళ్లు సగమే కనబడతాయి. ఐదడుగుల నాలుగు వాడికి చొక్కా పొడవు 27 అంగుళాల చుట్టూ ఉంటే బాగుంటుంది. కింద కత్తిరించి సరిచేయించుకుంటే ఒక చిక్కు: జేబు కిందికి దిగినట్టు కనబడుతుంది. రెండంగుళాలకి మించి తీయాల్సి వస్తే జేబు విప్పి పైకి కుట్టించండి, లేదా జేబు లేని చొక్కా కొనండి.

జీన్స్ ఇంకో కథ. 32 పొడవు కొని నాలుగంగుళాలు కింద కోస్తే మోకాలి దగ్గర సన్నబడాల్సిన చోటు పిక్క మీదికి జారుతుంది, కింద గొట్టంలా మిగులుతుంది. పొడవు తగ్గించాక మోకాలి నుంచి కిందికి లోపలి కుట్టు కూడా బిగించమని అడగండి. పాంటు షూ మీద కుప్ప పడకూడదు, తగిలీ తగలనట్టు ఆగాలి. చొక్కా, పాంటు పూర్తిగా వేర్వేరు రంగులైతే మనిషి నడుం దగ్గర రెండు ముక్కలవుతాడు. దగ్గర రంగులైతే నిలువుగా ఒక గీతలా కనబడతాడు.

పెళ్లిలో పంచె సంగతి ఎవరికీ గుర్తుండదు. పంచె పన్నా అందరికీ ఒకటే వస్తుంది, సుమారు యాభై అంగుళాలు. పొట్టివాడికి మిగిలిందంతా నడుం దగ్గర దోపితే పొట్ట దగ్గర ఉండలా లేస్తుంది, ఫోటోల్లో అదే కనబడుతుంది. ముందురోజే నడుం నుంచి చీలమండ దాకా కొలిచి, పై అంచు సమంగా బయటికి మడిచి ఇస్త్రీ చేయించి పెట్టుకోండి.

【నిఘంటువు】
మాటల సంగతి ఒకటి గమనించండి. ఆడపిల్ల పొట్టిగా ఉంటే "పొందికగా ఉంది", "బొమ్మలా ఉంది" అంటాం. మగపిల్లాడికి ఆ మాటలు లేవు. పొట్టోడు, బుడ్డోడు, బుడంకాయ, మొక్కలకి వాడే "గిడసబారిన" దాకా పోతాం. మెచ్చుకున్నా మెలిక పెట్టే మెచ్చుకుంటాం: "పొట్టోడైనా గట్టోడు". ఆ "అయినా"లో అంతా ఉంది. "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు" అని సామెత. అందులో బుద్ధులంటే తెలివి అని ఇంట్లోవాళ్లు, జిత్తులు అని బయటివాళ్లు చదువుకుంటారు. 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు గారి "పొట్టి" ఇంటిపేరు అని ఇప్పటికీ కొంతమంది పిల్లలకి తెలీదు, ఆయన ఎత్తు మీద పెట్టిన పేరనుకుంటారు.

"మరుగుజ్జు" మాట దగ్గర మాత్రం జాగ్రత్త. పొట్టిగా ఉండటం వేరు, అది వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వైద్యపరమైన లేదా జన్యుపరమైన కారణంతో పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల పది, లేదా అంతకు తక్కువ ఉంటే అది ఒక వైకల్యంగా గుర్తించారు. అలాంటివాళ్లకి సదరం శిబిరంలో ధ్రువపత్రం వస్తుంది. 40 శాతం, ఆపైన ఉంటే ఉద్యోగ రిజర్వేషన్‌కి అర్హత. ఐదడుగుల మనిషిని ఆ మాటతో వెక్కిరిస్తే ఇద్దర్నీ అవమానించినట్టే.

【ఇంటర్వ్యూ_బోర్డు】
ఆఫీసుల సంగతి రెండు ముక్కలు. ఎత్తుకీ జీతానికీ సంబంధం ఉందని చాలా అధ్యయనాలు చూపించాయి. 2004లో పెర్సికో, పోస్ట్‌లెవైట్, సిల్వర్‌మన్ అనే ఆర్థికవేత్తలు అమెరికా, బ్రిటన్ లెక్కలు విడదీసి చూస్తే పెద్దయ్యాక ఉన్న ఎత్తు కన్నా పదహారేళ్ల వయసులో ఉన్న ఎత్తే జీతంతో ఎక్కువ ముడిపడి ఉంది. ఆ వయసులో ఆటల్లో, బడి కార్యక్రమాల్లో కలిసినవాడికి వచ్చిన అలవాట్లే తర్వాత పనికొచ్చాయని వాళ్ల వివరణ. మన బళ్లలో ప్రార్థన వరుస ఎత్తు ప్రకారం నిలబెడతారు, పదేళ్లు ఒకే పిల్లాడు ముందు. డ్రిల్ మాస్టార్లు నెలకోసారి వరుస రోల్ నంబర్ల ప్రకారం మారిస్తే ఖర్చేమీ లేదు.

వేదిక మీద మాట్లాడాల్సినవాళ్లకి: పోడియం వెనక పొట్టివాడి తల మాత్రమే కనబడుతుంది. నిర్వాహకులకి ముందురోజే చెప్పి ఆరంగుళాల చెక్క పీట వేయించుకోండి, లేదా పోడియం పక్కకొచ్చి చేతిమైకు తీసుకోండి. ముందు మాట్లాడినవాడి ఎత్తుకి మైకు వదిలేసి ఉంటుంది. దాన్ని దించుకున్నాకే నోరు తెరవండి, దించుకుంటూ మాట్లాడితే జనం నవ్వుతారు. కుర్చీలో పాదాలు నేలకి ఆనకపోతే పీట పెట్టుకోండి. కాళ్లు ఊగుతుంటే మీటింగ్‌లో చిన్నపిల్లాడిలా కనబడతారు.

ఇంకొకటి. పొట్టివాడు గట్టిగా మాట్లాడితే "నెపోలియన్‌లా చేస్తున్నాడు" అనడం. నెపోలియన్ ఐదడుగుల రెండు అంటారు, అది ఫ్రెంచి అంగుళాల్లో. ఫ్రెంచి అంగుళం 2.7 సెంటీమీటర్లు. మన లెక్కలో ఆయన సుమారు 168, ఆనాటికి మామూలు ఎత్తే.

【గ్రౌండ్‌మాస్టర్】
167.6 దాటాడన్నమాట. కానిస్టేబుల్‌కి అర్హుడే 😄

【సూటిగా_చెప్తా】
ఆయనది కూడా కొలత తప్పేనన్నమాట. సరే లగ్నపత్రిక గారూ, కలపడం మీద నా మాట నేను వెనక్కి తీసుకోను గానీ, మరి మీ ఎక్సెల్ షీట్లలో చుక్క గొడవకి మందేమిటి?

【లగ్నపత్రిక】
చుక్కే తీసేయడం. ఎత్తు కాలమ్‌లో సెంటీమీటర్లు మాత్రమే, చుక్క లేని పూర్తి అంకె. అడుగులు కావాలంటే పక్క కాలమ్‌లో లెక్క కట్టించుకోవాలి: సెంటీమీటర్లని 2.54తో భాగిస్తే అంగుళాలు, వాటిని 12తో భాగిస్తే వచ్చేది అడుగులు, మిగిలేది అంగుళాలు. పాత షీట్లలో 5.1 అని ఉన్న ప్రతి అబ్బాయి ఇంటికీ ఫోన్ చేసి, ఒకటా పదా అని అడగక తప్పదు.